టైపు చేస్తుండగానే సూచనలు: సెర్చ్ ఆటోకంప్లీట్‌ను మొదటి నుంచి కట్టే పద్ధతి

ఆటోకంప్లీట్ గురించి ఎవరు పాఠం మొదలుపెట్టినా ముందు ట్రై అనే డేటా స్ట్రక్చర్ బొమ్మ గీస్తారు. ఓ చెట్టు, దానికి కొమ్మలు, కొమ్మకో అక్షరం. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ సైట్లలో ఆటోకంప్లీట్ మనల్ని విసిగించేది లోపల వెతకడం ఆలస్యమై కాదు. "కలం" అని కొట్టాక "కల" తాలూకు సూచనలు ప్రత్యక్షమవుతాయి. ఎంటర్ నొక్కితే మనం రాయని మాటను వెతుకుతుంది. మౌస్‌తో నొక్కబోయేసరికి లిస్టు మాయమవుతుంది. తెలుగులో అయితే గుణింతం విరిగి చుక్కల వలయం కనిపిస్తుంది. ఇవన్నీ ఒక కీ నొక్కడానికీ తర్వాతి కీ నొక్కడానికీ మధ్య జరిగే గొడవలు. ఈ గైడ్‌లో ఎక్కువ చోటు వాటికే ఇచ్చాను.

కాస్త చరిత్ర. పేజీ మళ్లీ లోడ్ కాకుండా వెనకాల సర్వర్‌తో మాట్లాడే వీలు 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తోనే వచ్చింది. దాంతో ఏం చేయొచ్చో జనానికి కళ్లకు కట్టినట్టు తెలిసింది మాత్రం 2004 డిసెంబర్‌లో, గూగుల్ సజెస్ట్ ప్రయోగదశలో బయటికి వచ్చినప్పుడు. కెవిన్ గిబ్స్ అనే గూగుల్ ఇంజినీరు తన "20 శాతం సమయం"లో, అంటే సొంత ఆలోచనల మీద పనిచేయడానికి కంపెనీ ఇచ్చే వేళలో చేసిన పని అది. రెండు నెలల్లో జెస్సీ జేమ్స్ గారెట్ అనే వెబ్ డిజైనర్ ఈ తరహా పద్ధతికి అజాక్స్ అని పేరు పెట్టాడు. ఉదాహరణలుగా చూపించినవాటిలో గూగుల్ సజెస్ట్, గూగుల్ మ్యాప్స్ ఉన్నాయి. 2008లో సూచనలు గూగుల్ ముఖపేజీలోకి వచ్చేశాయి. 2010లో ఇంకో అడుగు ముందుకేసి, టైపు చేస్తుండగానే పూర్తి ఫలితాల పేజీనే మార్చేసే గూగుల్ ఇన్‌స్టంట్ తెచ్చారు. 2017లో తీసేశారు. సూచన నిలిచింది, తొందరపాటు నిలవలేదు. మనం కట్టబోయేదానికి ఇది గుర్తుంచుకోదగ్గ విషయమే.

ఉదాహరణగా లక్ష మాటలున్న తెలుగు నిఘంటువు ఒకటి అనుకుందాం. దానికి సెర్చ్ బాక్స్ కడదాం. చివర్లో అదే సరంజామాతో ఓ ఆట కూడా తయారు చేద్దాం. హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్ ప్రాథమికంగా వచ్చినవాళ్లు ఎవరైనా అనుసరించవచ్చు.

1. దేన్ని సూచించాలో తేల్చుకోండి

సూచనలు రెండుచోట్ల నుంచి రావచ్చు. ఒకటి మీ దగ్గరున్న సరుకు, అంటే నిఘంటువులోని మాటలు, గ్రంథాలయంలోని పుస్తకాల పేర్లు. రెండోది జనం ఇంతకుముందు వెతికిన మాటల లాగ్. పెద్ద సెర్చ్ ఇంజన్లకు లాగే ప్రాణం. చిన్న సైట్‌కు మొదటిదే మంచిది. ఎందుకంటే సూచన మీద నొక్కాక "ఫలితాలేమీ లేవు" అని రావడం కంటే పరువు తక్కువ పని ఇంకోటి లేదు.

లాగ్ వాడక తప్పదనుకుంటే ఒక నియమం పెట్టుకోండి: ఒక మాటను చాలామంది వేర్వేరు మనుషులు వెతికాకే అది సూచనగా కనబడాలి. ఎన్నిసార్లు వెతికారన్నది కాదు, ఎంతమంది వెతికారన్నది లెక్క. సెర్చ్ బాక్సులో ఫోన్ నంబర్లు, పాస్‌వర్డులు, పక్కింటివాళ్ల పేర్లు కొట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఒక్కడే యాభైసార్లు కొట్టిన మాట ఇంకొకరి తెరమీద తేలకూడదు.

2. మాటల్ని ఒక తీరుకు తెచ్చుకోండి

ఇంగ్లీషులో ఈ దశ అంటే పెద్దక్షరాలను చిన్నక్షరాలు చేయడం, అటూ ఇటూ ఖాళీలు కత్తిరించడం. తెలుగులో ఇక్కడే అసలు పని ఉంది.

ప్రతి మాటకూ రెండు రూపాలు దాచండి: తెరమీద చూపించేది ఒకటి, పోల్చడానికి వాడే "కీ" ఇంకొకటి. కీ తయారు చేసే ఫంక్షన్ ఒక్కటే ఉండాలి. ఇండెక్స్ (మాటల్ని వేగంగా వెతకడానికి పేర్చిపెట్టుకునే పట్టిక) కట్టేటప్పుడూ, వాడేవాళ్లు కొట్టింది అందుకునేటప్పుడూ అదే ఫంక్షన్ గుండా పోవాలి. రెండుచోట్ల రెండు రకాలుగా రాస్తే దొరకాల్సిన మాట దొరకదు, ఎందుకు దొరకలేదో పట్టుకోవడానికి పూట పడుతుంది.

ఆ ఫంక్షన్ ముందుగా యూనికోడ్ నార్మలైజేషన్ చేయాలి. జావాస్క్రిప్ట్‌లో స్ట్రింగ్ మీద నార్మలైజ్ పిలిచి ఎన్ఎఫ్‌సీ అని అడిగితే చాలు. తెలుగులో ఇది ఎందుకంటే ఐత్వం వల్ల. "ై" అనే గుర్తు ఒకే కోడ్‌గా, అంటే యూనికోడ్ ఇచ్చిన ఒకే నంబరుగా రావచ్చు, లేదా ఎత్వం గుర్తు, దాని కింది గుర్తు అని రెండు కోడ్‌లుగానూ రావచ్చు. కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు కాదు. ఎన్ఎఫ్‌సీ ఆ రెండింటినీ కలిపి ఒకటి చేస్తుంది.

తర్వాతది జీరో విడ్త్ నాన్ జాయినర్. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో వ కింద ఒత్తుగా దిగిపోకుండా మధ్యలో పెట్టే కంటికి కనబడని అక్షరం. కొందరు పెడతారు, చాలామంది పెట్టరు. కీలో దాన్ని తీసేయండి, చూపించే రూపంలో ఉంచండి.

మూడోది పొల్లు. "వెబ్‌సైట్" అని కొట్టినవాడికి "వెబ్‌సైటు" దొరకదు, ఎందుకంటే మొదటిది పొల్లుతో ముగుస్తుంది, రెండోదాంట్లో అదే చోట కొమ్ముంది. అలాగని కీలో పొల్లులన్నీ తీసేయకండి, ఒత్తులన్నీ పోతాయి. ముందు కొట్టింది కొట్టినట్టు వెతకండి. ఫలితాలు చాలకపోతేనే చివరి పొల్లు ఒక్కటి తీసి మళ్లీ వెతకండి.

ఇక తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లు. వీళ్లను వదిలేస్తే చాలామందిని వదిలేసినట్టే. దీనికి ప్రతి మాటకూ ఇంగ్లీషు అక్షరాల్లో మూడో రూపం, అంటే ఇంకో కీ తయారు చేయాలి. చిక్కు ఏమిటంటే జనం రాసే తీరుకు వ్యాకరణం లేదు. ఏ అనే ఒక్క ఇంగ్లీషు అక్షరమే అ కావచ్చు, ఆ కావచ్చు. టి అంటే త, ట. ఎల్ అంటే ల, ళ. పక్కన హెచ్ పెట్టేవాళ్లున్నారు, పెట్టనివాళ్లున్నారు. సరిగ్గా ఊహించే ప్రయత్నం మానేసి తేడాలనే చెరిపేయండి: జంట అచ్చుల్ని ఒంటి అచ్చు చేయండి, జంట హల్లుల్ని ఒకటి చేయండి, హల్లు పక్కనున్న హెచ్ తీసేయండి. మాటకూ ఇదే, కొట్టినదానికీ ఇదే. "కల", "కాళ", "కల్ల" ఒకే కీలో పడతాయి. పడనివ్వండి. ఏది ముందు చూపించాలో ర్యాంకింగ్ చూసుకుంటుంది.

3. ఇండెక్స్: చాలామటుకు అరే చాలు

ట్రై ఆలోచన 1959లో రెనే డె లా బ్రియాండే వివరించాడు. పేరు మరుసటి ఏడు ఎడ్వర్డ్ ఫ్రెడ్కిన్ పెట్టాడు. గొప్ప ఆలోచనే. అయినా లక్ష మాటలకు అది అక్కర్లేదు. కీలన్నీ వరుసలో పేర్చిన ఒక అరే, దానిమీద బైనరీ సెర్చ్, అంటే ప్రతిసారీ మధ్యలో చూసి అక్కర్లేని సగాన్ని వదిలేస్తూ వెతకడం. లక్ష మాటల్లో మీ ప్రిఫిక్స్ (ఇప్పటిదాకా కొట్టిన మొదటి భాగం) మొదలయ్యే చోటు దొరకడానికి 17 పోలికలు చాలు. పది లక్షలైతే 20. అక్కడి నుంచి ఆ ప్రిఫిక్స్‌తో మొదలయ్యే మాటలన్నీ పక్కపక్కనే ఉంటాయి.

ఒక్క జాగ్రత్త. పేర్చేటప్పుడు జావాస్క్రిప్ట్ మామూలు పోలికనే వాడండి, భాషను బట్టి పేర్చే లొకేల్ కంపేర్ వద్దు. నిఘంటువు క్రమం చూపించడానికి అది బాగుంటుంది గానీ, ఒకే ప్రిఫిక్స్ ఉన్నవన్నీ ఒకేచోట ఉంటాయన్న హామీ దానికి లేదు. పేర్చడం ఒక తీరు, వెతకడం ఇంకో తీరు అయితే బైనరీ సెర్చ్ తప్పుదారి పడుతుంది.

అసలు ఖర్చు ఎక్కడంటే "క" అని ఒక్క అక్షరం కొట్టినప్పుడు. దానికింద వేల మాటలుంటాయి. వాటిలో పైనున్న పదింటిని ప్రతిసారీ ఏరడం దండగ. ఒకటి, రెండు కోడ్‌ల పొడవున్న ప్రిఫిక్స్‌లన్నిటికీ ముందే మొదటి పది లెక్కగట్టి ఒక మ్యాప్‌లో పెట్టేయండి. పొడవు పెరిగేకొద్దీ పరిధి తగ్గుతుంది కాబట్టి మిగతావి అప్పటికప్పుడు ఏరుకోవచ్చు. మాటలు కోట్లలో ఉంటే అప్పుడు ట్రై గురించి, లూసీన్ అనే సెర్చ్ లైబ్రరీ వాడే ఫైనైట్ స్టేట్ ట్రాన్స్‌డ్యూసర్లనే ఇంకా కుదించిన నిర్మాణాల గురించి ఆలోచించండి.

4. ఏది ముందు

ఎన్నిసార్లు ఎంచుకున్నారన్నదే మొదటి లెక్క. అది ఒక్కటే అయితే పాత మాటలు పీఠం దిగవు. అందుకని రోజుకోసారి ప్రతి స్కోరునూ 0.9తో గుణించి, ఆ రోజు కొత్తగా వచ్చినవి కలపండి. వారం తిరిగేసరికి పాత స్కోరు సగానికి పడిపోతుంది. నిఘంటువుకు ఇంత వేగం అక్కర్లేదు, వార్తల సైట్‌కు ఇదీ చాలదు. ఆ అంకెను మీ సరుకు స్వభావమే చెబుతుంది.

స్కోరు ఎంత ఉన్నా, కొట్టింది ఏదైనా ఒక మాటతో అచ్చంగా సరిపోతే అది పైన ఉండాలి. "కల" కొట్టినవాడికి "కలయిక" మొదట, "కల" ఆరోది అయితే వాడికి తిక్క పుడుతుంది.

5. సర్వర్ వైపు

ఇక్కడ చెప్పడానికి ఎక్కువ లేదు. ప్రిఫిక్స్ తీసుకుని ఎనిమిదో పదో మాటలు జేసన్‌గా పంపే ఒక చిరునామా చాలు. జవాబులో అర్థాలు, బొమ్మలు కుక్కకండి. అందరికీ ఒకే జవాబు వెళ్తుంది కాబట్టి క్యాష్ హెడర్ పెట్టండి. లక్ష మాటల లిస్టు కంప్రెస్ చేస్తే చిన్నదే కాబట్టి మొత్తం బ్రౌజర్‌కే పంపి అక్కడే వెతికించినా తప్పులేదు. నెట్ లేకపోయినా పనిచేస్తుంది. మాటలు రోజూ మారుతుంటే మాత్రం సర్వరే మేలు.

6. బ్రౌజర్ వైపు: అసలు కథ

ఇంత శ్రమ వద్దనుకునేవాళ్లకు హెచ్‌టీఎంఎల్‌లోనే డేటాలిస్ట్ అనే ట్యాగ్ ఉంది. నలభై, యాభై మాటలుంటే అదే వాడేయండి. రూపం మన చేతిలో ఉండదు, ఒక్కో బ్రౌజర్‌లో ఒక్కోలా ఉంటుంది. అంతకు మించి కావాలంటే చదవండి.

ముందుగా ఇన్‌పుట్ ట్యాగ్‌కు ఆటోకంప్లీట్ ఆఫ్ అని పెట్టండి. లేకపోతే బ్రౌజర్ తన దగ్గరున్న పాత చిట్టాను మీ లిస్టు మీదే పరుస్తుంది.

కీడౌన్ కాకుండా ఇన్‌పుట్ ఈవెంట్‌ను వినండి. అతికించినా, మాటతో చెప్పి రాయించినా, ఫోన్ కీబోర్డులో స్వైప్ చేసినా అదే వస్తుంది. ప్రతి ఈవెంట్‌కూ సర్వర్‌కు పరుగెత్తకుండా కొద్దిగా ఆగాలి. దీన్నే డీబౌన్స్ అంటారు. ఎంత ఆగాలి? 0.1 సెకను లోపు జరిగింది మనిషికి తక్షణం జరిగినట్టే అనిపిస్తుందని వాడుక సౌలభ్యం మీద పరిశోధించిన జేకబ్ నీల్సన్ 1993లో రాశాడు, అది ఇప్పటికీ పనికొచ్చే కొలత. సర్వర్‌కు పోయివచ్చే టైము కూడా దానికి తోడవుతుంది కాబట్టి 100 నుంచి 150 మిల్లీసెకన్లు ఆగితే సరి. కొన్ని కోడ్ నమూనాల్లో 300, 500 కనిపిస్తాయి. అది సర్వర్ మీద జాలి, వాడేవాడి మీద కాదు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన గొడవ. "కల" కొట్టారు, కొంచెం ఆగారు, మొదటి రిక్వెస్ట్ వెళ్లింది. సున్నా పెట్టి "కలం" చేశారు, రెండోది వెళ్లింది. రెండోదాని జవాబు 60 మిల్లీసెకన్లలో వచ్చింది, లిస్టు సరిగ్గా మారింది. మొదటిది దారిలో ఎక్కడో చిక్కుకుని 240 మిల్లీసెకన్లకు వచ్చింది. కోడ్ దాన్నీ అంతే నమ్మకంగా తెరమీద పెట్టింది. బాక్సులో "కలం", కింద "కలత, కలప, కలయిక". ఆఫీసు నెట్‌లో ఇది ఎప్పుడూ కనబడదు, ఫోన్‌లో సిగ్నల్ తగ్గితే ప్రతిసారీ కనబడుతుంది.

దీనికి రెండు కట్టుబాట్లు. కొత్త రిక్వెస్ట్ పంపేముందు పాతదాన్ని జావాస్క్రిప్ట్‌లో అందుకోసమే ఉన్న అబార్ట్ కంట్రోలర్‌తో రద్దు చేయండి. అది సరిపోతుందని అనిపించినా ఇంకోటీ పెట్టండి: ప్రతి రిక్వెస్ట్‌కూ పెరుగుతూ పోయే ఒక వరుస నంబరు ఇచ్చి, జవాబు వచ్చినప్పుడు అది తాజా నంబరేనా అని చూసి, కాకపోతే పారేయండి. జవాబు వచ్చేశాక జేసన్ విప్పే లోపల కూడా ఇంకో కీ పడొచ్చు. రద్దైన రిక్వెస్ట్ ఎర్రర్‌గా వస్తుంది. దాన్ని పట్టుకుని ఊరుకోండి, "ఏదో పొరపాటు జరిగింది" అని తెరమీద చూపించకండి.

వచ్చిన జవాబుల్ని పేజీ ఉన్నంతసేపూ ఒక మ్యాప్‌లో దాచుకోండి. జనం రాసిందాన్ని తరచూ చెరుపుతుంటారు. బ్యాక్‌స్పేస్ నొక్కి "కల"కు తిరిగి వచ్చినప్పుడు మళ్లీ సర్వర్‌దాకా పోనక్కర్లేదు.

కొత్త జవాబు వచ్చేదాకా పాత లిస్టును ఖాళీ చేయకండి. తుడిచి మళ్లీ నింపితే తెర మినుకుమినుకుమంటుంది. పాతవాటిలో ఇప్పటికీ సరిపోయేవాటిని అక్కడికక్కడే వడగట్టి ఉంచితే కంటికి సాఫీగా ఉంటుంది.

మౌస్‌తో నొక్కబోతే లిస్టు మాయమయ్యే జబ్బుకు కారణం చిన్నది. సూచన మీద మౌస్ బటన్ అదిమిన క్షణానే ఇన్‌పుట్ ఫోకస్ కోల్పోతుంది. ఫోకస్ పోతే లిస్టు మూసేయమని మీరే రాశారు. బటన్ వదిలాక రావలసిన క్లిక్‌కు అక్కడ లిస్టే ఉండదు. చాలామంది దీనికి 200 మిల్లీసెకన్ల టైమర్ పెట్టి గట్టెక్కుతారు. అక్కర్లేదు. లిస్టు మీద మౌస్‌డౌన్ ఈవెంట్‌లో ప్రివెంట్ డిఫాల్ట్ పిలవండి, ఫోకస్ ఎక్కడికీ పోదు.

7. గుణింతాల దగ్గర

తెలుగు రాసే కీబోర్డుల్లో కొన్ని అక్షరాన్ని నేరుగా ఇస్తాయి, కొన్ని ఇంగ్లీషు అక్షరాలు తీసుకుని మధ్యలో కూర్చి ఇస్తాయి. రెండో రకంలో కూర్పు నడుస్తుండగా బాక్సులో సగం మాటే ఉంటుంది. కూర్పు మొదలైనప్పుడు కంపోజిషన్ స్టార్ట్, ముగిసినప్పుడు కంపోజిషన్ ఎండ్ అనే ఈవెంట్లు వస్తాయి. ఆ మధ్యలో సూచనలు చూపించాలా వద్దా అన్నదానిమీద రెండు వాదాలున్నాయి. నా మట్టుకు చూపించడమే మంచిది. ఫోన్ కీబోర్డులు కొన్ని మాట మొత్తాన్నీ కూర్పుగానే నడిపిస్తాయి, ముగిసేదాకా ఆగితే సూచనకు అర్థమే ఉండదు.

ఎంటర్, బాణం కీలను మాత్రం కూర్పు నడుస్తున్నప్పుడు ముట్టుకోవద్దు. అప్పుడు ఎంటర్ అంటే "ఈ అక్షరం ఖాయం" అని కీబోర్డుకు చెప్పడం, "వెతుకు" అని మీకు చెప్పడం కాదు. కీడౌన్ ఈవెంట్‌లో ఈజ్ కంపోజింగ్ నిజమైతే వెనక్కి తగ్గండి. సఫారీలో కూర్పు ముగిసిన ఈవెంట్ ముందు వచ్చి ఆ ఎంటర్ తర్వాత వస్తుంది, కాబట్టి కీకోడ్ 229 అవునా అని కూడా చూడండి.

కనీసం మూడక్షరాలు కొట్టాకే సూచనలు అనే నియమం చాలా లైబ్రరీల్లో ముందే రాసిపెట్టి ఉంటుంది. జావాస్క్రిప్ట్ లెక్కలో "స్త్రీ" పొడవు 6. కంటికి ఒక్క అక్షరం. అదే "కల" పొడవు 2. అంటే ఒక్క అక్షరం కొట్టినవాడికి సూచనలొస్తాయి, రెండు కొట్టినవాడికి రావు. తెలుగుకు ఆ కనీస పరిమితిని ఒకటికి దించేయండి.

ఇక కొట్టిన భాగాన్ని ముదురు అక్షరాల్లో చూపించడం. "క" అని కొట్టారు, సూచనల్లో "కాలం" ఉంది. కోడ్‌ల లెక్కలో "కాలం" అంటే క, దీర్ఘం, ల, సున్నా. మొదటి కోడ్ సరిపోయింది కాబట్టి "క"ను ఒక ట్యాగ్‌లో, మిగతాదాన్ని బయట పెడతారు. అప్పుడు దీర్ఘం తనకు హల్లు లేక ఒంటరిదై, కొన్ని బ్రౌజర్లలో చుక్కల వలయం మీద వేలాడుతుంది. వెతకడం కోడ్‌ల లెక్కలోనే జరగాలి, ఎందుకంటే "కా" రాసే మనిషి మధ్యలో "క" దగ్గర ఆగే తీరతాడు. చూపించడం మాత్రం అక్షరాల లెక్కలో జరగాలి. జావాస్క్రిప్ట్‌లోని ఇంటల్ సెగ్మెంటర్ మాటను అక్షరాలుగా విడగొట్టి ఇస్తుంది. ముదురు చేసే గీత అక్షరం మధ్యలో పడితే దాన్ని అక్షరం చివరికి జరపండి. పాత బ్రౌజర్లలో అది "క్ర"ను రెండు ముక్కలు చేయొచ్చు. తెలుగు ఒత్తులతో సహా ఒకే గుంపుగా చూడాలన్న నియమం 2023లో యూనికోడ్ 15.1తో వచ్చింది. అందుకని పొల్లు తర్వాత గీత పడితే ఇంకొంచెం ముందుకు జరిపే షరతు మీరే రాసుకోండి.

సూచనల్ని పేజీలో పెట్టేటప్పుడు టెక్స్ట్ కంటెంట్ ద్వారానే పెట్టండి. ఇన్నర్ హెచ్‌టీఎంఎల్‌తో పెడితే, లాగ్‌లోకి ఎవరో ఎక్కించిన స్క్రిప్ట్ అందరి బ్రౌజర్లలో నడిచే ప్రమాదం ఉంది.

8. కీబోర్డు, స్క్రీన్ రీడర్

కింది బాణం నొక్కితే మొదటి సూచన, మళ్లీ నొక్కితే రెండోది, ఎస్కేప్ నొక్కితే లిస్టు మూసుకోవాలి. ఇవి అందరూ రాస్తారు. తేడా వచ్చేది ఎంటర్ దగ్గర. బాణంతో ఏదీ ఎంచుకోకుండా ఎంటర్ నొక్కితే, కొట్టిన మాటే వెతకాలి. మొదటి సూచనను మీ అంతట మీరే ఎంచిపెట్టి, ఎంటర్‌తో దాన్ని బలవంతంగా అంటగట్టకండి. ఊరి పేర్ల లిస్టులో ఒకటి ఎంచుకోవాల్సిన ఫారమ్ అయితే అది వేరే సంగతి. సెర్చ్‌లో మాత్రం కొట్టినవాడి మాటే చెల్లాలి.

చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కు లిస్టు తెరుచుకున్న సంగతి దానంతట అది తెలియదు. ఏరియా (ARIA) గుర్తులతో చెప్పాలి, అంటే స్క్రీన్ రీడర్ల కోసం ట్యాగ్‌లలో రాసే ప్రత్యేక గుర్తులతో. ఇన్‌పుట్‌కు కాంబోబాక్స్ పాత్ర, లిస్టుకు లిస్ట్‌బాక్స్, ఒక్కో సూచనకు ఆప్షన్. తెరుచుకుందో లేదో ఏరియా ఎక్స్‌పాండెడ్ చెబుతుంది. ఏ సూచన మీద ఉన్నామో ఏరియా యాక్టివ్ డిసెండెంట్ చెబుతుంది. ఫోకస్‌ను ఇన్‌పుట్ నుంచి కదల్చకుండా ఆ ఒక్క గుర్తునే మార్చుతూ పోవాలి, అప్పుడే రాస్తూ రాస్తూ బాణాలు వాడే వీలుంటుంది. ఎన్ని సూచనలొచ్చాయో చెప్పే చిన్న లైవ్ రీజియన్ (మారగానే స్క్రీన్ రీడర్ దానంతట అదే చదివే చోటు) ఒకటి పెట్టండి, దాన్ని అరసెకను ఆగి మార్చండి. ప్రతి కీకీ "ఎనిమిది ఫలితాలు, ఆరు ఫలితాలు" అని చదివితే వినేవాడికి తలనొప్పి.

9. అచ్చుతప్పులు

ప్రిఫిక్స్‌తో ఏమీ దొరకనప్పుడే ఈ దశకు రండి. వ్లాదిమిర్ లెవెన్‌స్టీన్ 1965లో చెప్పిన దూరం ఇక్కడ కొలత: ఒక మాటను ఇంకోటిగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీయాలి, మార్చాలి. మొదటి అక్షరం సరిగ్గానే కొట్టారనుకుని ఆ పరిధిలో మాత్రమే కొలవండి. దూరం 1 దాటితే పొట్టి మాటలకు ఒప్పుకోకండి, "కల"కు దూరం 2లో సంబంధం లేని మాటలు బోలెడు తగులుతాయి. తెలుగులో హ్రస్వ దీర్ఘాలు, ల ళ, న ణ, శ ష స మార్పిడికి పూర్తి దూరం కాకుండా సగమే లెక్కగట్టండి. తప్పులు ఎక్కువ జరిగేది అక్కడే.

10. చూపించకూడనివి

సూచన మీ సైట్ నోటి నుంచి వచ్చిన మాటగానే జనం తీసుకుంటారు. జర్మనీ అత్యున్నత న్యాయస్థానం 2013 మేలో ఇదే చెప్పింది: ఒకరి పేరు పక్కన పరువు తీసే మాటను ఆటోకంప్లీట్ చూపిస్తోందని తెలియజేశాక కూడా తీయకపోతే సెర్చ్ ఇంజన్‌దే బాధ్యత. లాగ్ నుంచి సూచనలు ఇస్తుంటే అడ్డుపెట్టే మాటల లిస్టు, ఫిర్యాదు చేసే లింకు, ఇండెక్స్‌ను మళ్లీ కట్టకుండా ఒక సూచనను వెంటనే ఆపేసే మీట, ఈ మూడూ మొదటి రోజే ఉండాలి.

11. అదే ఇండెక్స్‌తో ఓ ఆట

ఇంతవరకూ కట్టింది సెర్చ్ బాక్సుకే పరిమితం కానక్కర్లేదు. ఎడిటర్లలో కమాండ్ ప్యాలెట్ (ఆదేశం పేరు కొట్టి వెతికే పెట్టె), చాట్‌లో పేర్లు పిలిచే పెట్టె, మ్యాప్‌లో చోటు వెతకడం, అన్నీ ఇవే ముక్కలతో కట్టినవి. వీటన్నిటికంటే సరదా అయినది ఊహించే ఆట. గూగుల్ సూచనలు ఏమై ఉంటాయో ఆటగాళ్లు ఊహించే గూగుల్ ఫ్యూడ్ అనే వెబ్ ఆట 2013లో వచ్చి జనాదరణ పొందింది. మీరు గూగుల్ సూచనల మీదే ఆధారపడి అలాంటిది కట్టకండి. అనధికారికంగా వాటిని అందుకునే దారిని గూగుల్ 2015 ఆగస్టు 10 నుంచి కట్టడి చేసింది. మీ ఇండెక్స్ మీకుంది, అది చాలు.

ఆట ఇలా: తెరమీద "కల" అని చూపించండి. దానితో మొదలయ్యే మాటల్లో జనం ఎక్కువగా వెతికిన ఎనిమిదింటిని ఊహించాలి. మూడు తప్పులకు ఆట ముగుస్తుంది. ప్రిఫిక్స్‌ను యాదృచ్ఛికంగా ఎంచకండి. కొన్నిటికి రెండే మాటలుంటాయి, కొన్నిటికి స్కోర్లన్నీ ఒకేలా ఉండి ర్యాంకుకు అర్థముండదు. కనీసం ఇరవై మాటలుండి, మొదటిదానికీ ఎనిమిదోదానికీ స్కోరులో కొట్టొచ్చినట్టు తేడా ఉన్న ప్రిఫిక్స్‌లను ముందే ఏరి పెట్టుకోండి.

జవాబులు బ్రౌజర్‌కు పంపకండి. డెవలపర్ టూల్స్ తెరిచి చూసేవాళ్లు మీ మొదటి వందమంది ఆటగాళ్లలోనే ఉంటారు. ఊహను సర్వర్‌కు పంపించి, అక్కడే పోల్చి, తగిలితే ఆ ఒక్క జవాబునే వెనక్కి ఇవ్వండి. పోల్చడానికి రెండో మెట్టులోని కీ ఫంక్షన్, తొమ్మిదో మెట్టులోని సగం దూరం లెక్క అలాగే పనికొస్తాయి. "కలయక" అని కొట్టినవాడికి "కలయిక" ఇచ్చేయొచ్చు, "కల"కు "కళ" ఇవ్వకూడదు. ఆ రెండూ నిఘంటువులో వేర్వేరు మాటలు కాబట్టి, కొట్టింది ఇండెక్స్‌లో అచ్చంగా ఉంటే సవరింపు వద్దని షరతు పెట్టండి.

ఇంకో మాట. ఆటలో ఊహించే బాక్సుకు మీరు ఇంత కష్టపడి కట్టిన ఆటోకంప్లీట్ తగిలించకండి. బ్రౌజర్‌దీ, ఫోన్ కీబోర్డుదీ కూడా వీలైనంతవరకు ఆపేయండి.

12. కొలవడం

నొక్కిన సూచనల శాతం ఒక్కటే చూస్తే మోసపోతారు. లిస్టు పెద్దగా, రంగురంగులుగా పెడితే అది పెరుగుతుంది. మూడు చూడండి. ఎంచుకున్న సూచన ఎన్నో స్థానంలో ఉంది. ఆ స్థానాన్ని తిరగేసి, అంటే మొదటిదైతే 1, రెండోదైతే 0.5, నాలుగోదైతే 0.25 అని సగటు తీస్తే ర్యాంకింగ్ బాగుపడుతోందో లేదో ఒక్క అంకెలో తెలుస్తుంది. రెండోది, ఎన్ని కీలు నొక్కే పని తప్పింది. తన ఆటోకంప్లీట్ సగటున 25 శాతం టైపింగ్ తగ్గిస్తోందని గూగుల్ 2018లో చెప్పుకుంది. మీది నిఘంటువు కాబట్టి ఇంకా ఎక్కువ రావచ్చు. మూడోది ఎవరూ పెద్దగా చూడనిది: సూచన ఎంచుకున్న వెంటనే బాక్సుకు తిరిగి వచ్చి మాట మార్చినవాళ్లెందరు. ఆ అంకె పెరుగుతుంటే మిగతావి ఎంత బాగున్నా ఆరో మెట్టుకు వెళ్లి వరుస నంబర్ల కోడ్ మళ్లీ చదవండి, నెట్ వేగాన్ని బ్రౌజర్ టూల్స్‌లో బాగా తగ్గించి మీరే ఓ పది మాటలు కొట్టి చూడండి.